విశాఖలో ఉంటూ బొమ్మకి వస్తువు దొరకడం లేదనేవారికి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఎంవీపీ కాలనీలో చిన్న ఫ్లాట్, ఆఫీసు ఉద్యోగం, వారానికి నాలుగైదు గంటల తీరిక. ఇన్నాళ్లూ ఇంటర్నెట్‌లో ఫోటోలు చూసి నీటిరంగులు వేశారు, చెయ్యి బాగానే కుదిరింది. సొంతంగా వేద్దామంటే మాత్రం ఏదీ తోచడం లేదు. ఆర్కే బీచ్‌కి వెళ్తే ప్రతిసారీ పోస్టుకార్డు లాంటి బొమ్మే వస్తోంది. రోజూ కనిపించేవాటిలోంచి చిత్రకారులు బొమ్మని ఎలా పట్టుకుంటారు, సామాను ఏం ఉండాలి, ఫోటో చూసి వేయడం తప్పా అన్నారు. మనుషుల్ని గీయాలంటే భయమని కూడా రాశారు.

తోచకపోవడాన్ని ఊహాశక్తి లోపం అనుకోకండి. ఫోటోలు చూసి వేసేవాళ్లకి ఒక్క పని అలవాటు కాదు, అది ఎంపిక. ఎక్కడ నిలబడాలి, ఎంత మేర తీసుకోవాలి, ఏది వదిలెయ్యాలి, ఏ గంటకి చూడాలి అనేవి ఆ ఫోటో తీసినవాళ్లు ముందే తేల్చేసి ఉంటారు. మీ వంతుకి నకలు తీయడం మిగులుతుంది. ఇప్పుడు సాధన చెయ్యాల్సింది ఆ ఎంపికే. దానికి పద్ధతి ఉంది, వారానికి నాలుగు గంటలు చాలు.

బీచ్ బొమ్మ ఎందుకు తేలిపోతోందో ముందు చూద్దాం. ఆర్కే బీచ్‌లో నిలబడితే ఎడమ పక్క కైలాసగిరి నుంచి కుడి పక్క డాల్ఫిన్స్ నోస్ కొండ దాకా కంటికి ఆనుతుంది. అంత విస్తీర్ణాన్నీ పావు షీటు కాగితంలో ఇరికిస్తే కొండలు గోరంత అవుతాయి, మనుషులు చుక్కలవుతారు. మిగిలేవి ఆకాశం, నీళ్లు, ఇసుక అనే మూడు అడ్డపట్టీలు. మూడింటిలోనూ గట్టి ముదురు ఉండదు, తెల్లటి తెలుపూ ఉండదు. రంగులు ఎంత అందంగా కలిపినా కన్ను ఎక్కడా ఆగదు. అదే బీచ్‌లో మురీ మిక్చర్ బండి గొడుగు కింది నీడ, ఆ నీడ వెనకాల మెరుస్తున్న నీళ్లు, మధ్యలో బండివాడి భుజం. ఈ మూడే తీసుకోండి. అక్కడ ముదురు ఆకారం ఒకటి లేత ఆకారాన్ని ఒరుసుకుంటూ ఉంది, కన్ను నేరుగా అక్కడికే వెళ్తుంది. బొమ్మకి వస్తువు అంటే నా లెక్కలో అదే. ఆ ముదురు పడవదా, బిందెదా, మనిషిదా అనేది తర్వాతి సంగతి.

దాన్ని పట్టడానికి అట్టముక్కలో 6 సెంటీమీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న కిటికీ కోసుకోండి. ఒక కన్ను మూసి, కిటికీని కంటికి జానెడు దూరంలో పెట్టి చూస్తే గదిలో ఒక మూల పడుతుంది. చెయ్యి పూర్తిగా చాస్తే ఇంకా ఇరుకవుతుంది, బీచ్‌లో ఆ ఇరుకే కావాలి. తర్వాత కళ్లు సగం మూసి చూడండి. వివరాలు పోయి మూడు నాలుగు మచ్చలు మిగులుతాయి. ఆ మచ్చలు ఒకదాన్నించి ఒకటి తేలిగ్గా విడిపోతే అక్కడ బొమ్మ ఉంది. అన్నీ ఒకే బూడిదరంగులో కలిసిపోతే ఎంత ప్రసిద్ధమైన చోటైనా వదిలేసి పక్కకి జరగండి. ఫోన్ కెమెరాని నలుపు-తెలుపు ఫిల్టర్‌లో పెట్టినా ఈ పరీక్ష అవుతుంది గానీ ముందు కంటికి అలవాటు చెయ్యండి.

ఇక చోటు. ఇంటి నుంచి పది నిమిషాల నడకలో ఒకే ఒక్కటి ఎంచుకుని, కనీసం నెలంతా అక్కడికే వెళ్లండి, వీలైనంతవరకు ఒకే వేళకి. వారానికో కొత్త చోటికి వెళ్తే ప్రతిసారీ మొదటిరోజు బొమ్మే వస్తుంది, అంటే ఎవరికైనా కనిపించేదే మీకూ కనిపిస్తుంది. నాలుగోసారి వెళ్లినప్పుడే ఫలానా గోడ పదిన్నరకి ఎదురింటి రంగు పులుముకుంటుందని, ఫలానా ఆమె గంప ఎప్పుడూ ఎడమ మోకాలికి ఆనించి పెడుతుందని తెలుస్తుంది. ఫ్రెంచి చిత్రకారుడు మొనే వేసిన గడ్డివాముల వరస ఇలాంటి పట్టుదల మీద నడిచినదే. 1890, 91లలో ఫ్రాన్సులోని జివెర్నీలో తన ఇంటి పక్క పొలంలోవే తీసుకుని దాదాపు 25 కాన్వాసులు వేశాడు. వెలుగు మారగానే ఆ కాన్వాసు పక్కన పెట్టి ఇంకోటి అందుకునేవాడు. ఆయన కన్ను ఎప్పుడూ వాముల మీద పడే వెలుగు మీదే ఉంది.

ఎంవీపీ కాలనీలో ఉన్నారు కాబట్టి మీకు మూడు చోట్లు చేతికందే దూరంలో ఉన్నాయి: మీ వంటింటి గట్టు, రైతుబజారు, లాసన్స్ బే దగ్గరి పెదజాలరిపేట రేవు. వీటిలో ఒకటి ఎంచుకుంటే చాలు. వాటి సంగతికి వెళ్లేముందు ఈ ఊరి వెలుగు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఇంటర్నెట్ పాఠాలు చాలావరకు చల్లటి దేశాల వెలుగుకి రాసినవి, అవి ఇక్కడ సరిగ్గా కుదరవు.

మన తీరం తిన్నగా తూర్పుకి లేదు, ఆగ్నేయానికి తిరిగి ఉంది. అందుకని డిసెంబరులో సూర్యుడు దాదాపు మనకి ఎదురుగా నీళ్లలోంచి లేస్తాడు. జూన్‌లో బాగా ఎడమకి, కైలాసగిరి వైపుకి జరిగిపోతాడు. చలికాలం పొద్దున్న సముద్రం వైపు చూస్తే పూర్తి ఎదురువెలుగు: మనుషులు, పడవలు ముదురు ఆకారాలుగా నిలబడతాయి, అంచుల్లో సన్నటి వెలుగుగీత ఉంటుంది, విరగబోయే కెరటం పైభాగం పల్చబడి ఆకుపచ్చగా వెలుగుతుంది. రూపురేఖలు సాధన చెయ్యడానికి ఇంతకంటే మంచి రోజులు లేవు. వేసవి పొద్దున్న అదే వెలుగు పక్కనుంచి పడుతుంది. ప్రతి మనిషికీ ఒక వెలుగు పక్క, ఒక నీడ పక్క వస్తాయి, కాబట్టి గుండ్రనితనం చూపించడానికి అది మేలు. వేళ కూడా మారుతుంది: మే, జూన్‌లలో అయిదున్నరకి ముందే పొద్దు పొడుస్తుంది, డిసెంబరు చివర్లో ఆరుంబావు దాటుతుంది.

మధ్యాహ్నం మనకి పనికిరాదు అని అందరూ అంటారు. మే రెండో వారంలోనూ, ఆగస్టు మొదట్లోనూ మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిలబడ్డ మనిషి నీడ పాదాల కిందికి పోతుంది. ఆ మధ్యలో, అంటే మే మధ్య నుంచి జూలై దాకా, మధ్యాహ్నం సూర్యుడు కాస్త ఉత్తరానికి ఉంటాడు, ఉత్తరపు గోడ మీద కూడా ఎండ పడుతుంది. 'ఉత్తరం కిటికీ వెలుగు రోజంతా నిలకడగా ఉంటుంది' అనే పాత సలహా ఈ నెలల్లో ఇక్కడ చెల్లదు. కిటికీకి పల్చటి తెల్ల గుడ్డ కట్టుకోండి. అయితే నడినెత్తి ఎండకీ ఒక గుణం ఉంది. సన్‌షేడ్ల కింద, తోపుడుబండి టాపు కింద, మనిషి కనుబొమల కింద నల్లటి నిలువు నీడలు దిగుతాయి, నేల మీది ఎండ తిరిగి ఎగదన్ని గడ్డం కిందా, సన్‌షేడ్ అడుగునా వెచ్చటి కాంతి పూస్తుంది. పాతపోస్టాఫీసు వైపు పాత ఇళ్ల వరండాలు గీయడానికి నేనైతే పదకొండు నుంచి ఒంటిగంట మధ్యే ఎంచుకుంటాను. నీడలో కూర్చోవాలి, అంతే.

సాయంత్రం సూర్యుడు ఊరి వెనక కొండల్లోకి దిగుతాడు. అస్తమయం రంగుల కోసం జనం పడమర చూస్తుంటే చిత్రకారుడు సముద్రం వైపు తిరగాలి. పొద్దు కుంకిన పది, పదిహేను నిమిషాలకి తూర్పు ఆకాశంలో నీళ్లకి ఆనుకుని నీలిబూడిద పట్టీ ఒకటి లేస్తుంది, దానిమీద లేత గులాబీ పట్టీ ఉంటుంది. కిందిది భూమి నీడ. ఈ రెండు పట్టీల మధ్య గీత గీస్తే చెడిపోతుంది. కాగితం తడిపి, పైనుంచి గులాబీ, కిందినుంచి నీలిబూడిద దించి, మధ్యలో వాటినే కలవనివ్వాలి. ఆ వేళ నీళ్లు సాధారణంగా ఆకాశం కంటే ఒక మెట్టు ముదురుగా ఉంటాయి. ఆకాశాన్నీ నీళ్లనీ ఒకే ఛాయలో, అంటే ఒకే ముదురు-లేత మెట్టులో వేయడం బీచ్ బొమ్మల్లో ఎక్కువగా కనిపించే తప్పు.

రెండో తప్పు తడి ఇసుక దగ్గర జరుగుతుంది. అక్కడ మనిషికి నీడా ఉంటుంది, ప్రతిబింబమూ ఉంటుంది, చాలామంది రెంటినీ కలిపేస్తారు. నీడ సూర్యుడికి ఎదురు దిక్కుకి పడుతుంది, వేళని బట్టి వాలుగా ఉంటుంది. ప్రతిబింబం ఎప్పుడూ నిలువుగా, చూసేవాడి వైపుకే దిగుతుంది. కెరటం వెనక్కి లాగిన వెంటనే ప్రతిబింబం స్పష్టంగా ఉండి, నీళ్లు ఇంకగానే చెదురుతుంది. తడి ఇసుక పొడి ఇసుక కంటే ముదురు, కానీ ఆకాశాన్ని చూపించే చోట లేతగా మారుతుంది. ఈ ఒక్క విషయాన్నే నెల రోజులు గమనించినా దండగ కాదు.

వంటింటికి వద్దాం. పొద్దున్న అరగంట మాత్రమే ఉన్న రోజు మీ స్టూడియో అదే. స్టీలు గ్లాసు, ఇత్తడి చెంబు, కత్తిపీట, ఓ నాలుగు వంకాయలు ఉంటే సరిపోతుంది. వెలుగు ఒకే పక్కనుంచి రావాలి, కాబట్టి ట్యూబులైటు ఆర్పెయ్యండి. రెండు దిక్కుల వెలుగు పడితే నీడలు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి, బొమ్మ చప్పబడిపోవడానికి అదే ముఖ్య కారణం. స్టీలు గ్లాసుని మొత్తం బూడిదరంగు పులిమేస్తే అది సిమెంటు గ్లాసులా కనిపిస్తుంది. స్టీలుకి సొంత రంగంటూ పెద్దగా ఉండదు, పక్కనున్న వంకాయ ఊదా, గట్టు రాయి నలుపు, కిటికీ తెలుపు అందులో నిలువు చారలుగా సాగి కనిపిస్తాయి. ఆ చారల అంచులు పదునుగా ఉండాలి, అన్నింటికంటే ముదురు చార అన్నింటికంటే తెల్లటి చారకి ఆనుకుని ఉండాలి. తెలుపుకి రంగు వేయకండి, కాగితాన్నే వదిలెయ్యండి. ఇత్తడికి ఎల్లో ఆకర్ అనే మట్టిపసుపు, ముదురు దగ్గర బర్న్ట్ సియెన్నా అనే ఎర్రగోధుమ రంగులో కొద్దిగా అల్ట్రామెరీన్ నీలం. మెరుపులు మరీ చికాకు పెడితే చిత్రకారుడు మొరాందీ చేసినట్టు చెయ్యండి. ఇటలీలోని బొలోన్యాలో ఆయన దాదాపు జీవితమంతా అవే సీసాలు, డబ్బాలు వేశాడు, మెరుపు, లేబుళ్లు అడ్డం రాకుండా కొన్నింటికి ముందే మెరుపులేని రంగు పూసేవాడు. ఖాళీ హార్లిక్స్ సీసాకి ఇంటి గోడ ప్రైమర్ పూసి చూడండి, ఛాయలు ఎంత తేటగా కనిపిస్తాయో.

రైతుబజారులో కూరగాయల కంటే టార్పాలిన్ల మీద కన్నుపెట్టండి. నీలం పట్టా కింద టమాటాలు ఎర్రగా ఉండవు. పట్టాలోంచి దిగే నీలపు వెలుగు ఎరుపుని అణిచి ముదురు ఊదా వైపు లాగుతుంది. పక్కనే ఎర్ర గొడుగు కింద గోంగూర, తోటకూర మట్టిరంగుకి దిగిపోతాయి. మనకి 'టమాటా ఎరుపు' అని తెలుసు కాబట్టి ట్యూబులోంచి నేరుగా ఎరుపు తీసి వేస్తాం, ఆ ఒక్క చోటే బొమ్మలోంచి బయటికి పొడుచుకొస్తుంది. పరీక్ష సులువు: తెల్ల కాగితం ముక్కని ఆ పట్టా కింద పెట్టి చూడండి. కాగితం ఏ రంగుకి తిరిగిందో ఆ రంగు ప్రతి కూరగాయలోనూ కొంత ఉంది. ఎండ సందులోంచి నేరుగా పడ్డ ఒకటి రెండు టమాటాలకి మాత్రం అసలు ఎరుపు వాడండి. ఆ రెండే బొమ్మకి కేంద్రం అవుతాయి.

మనుషుల్ని గీయడానికి భయం ఉందని రాశారు. బజారులో మనిషి కదులుతాడు గానీ ఒకే కదలికని మళ్లీ మళ్లీ చేస్తాడు: తూకం వేయడం, సంచిలో పొయ్యడం, చిల్లర వెతకడం. పేజీలో నాలుగు బొమ్మలు ఒకేసారి మొదలుపెట్టండి. ఆమె తక్కెడ ఎత్తినప్పుడు మొదటిదాని మీద, చిల్లర తీసినప్పుడు మూడోదాని మీద రెండు గీతలు చేర్చండి. ముఖం ఆఖర్న, లేదా అసలే వద్దు. ముందు బరువు ఏ కాలి మీద, ఏ తుంటి మీద ఉందో పట్టుకోవాలి. నెత్తిన గంప ఉన్న మనిషికి మెడ, వెన్ను నిటారుగా ఉంటాయి, కదలికంతా నడుము కిందే ఉంటుంది. చుట్టకుదురుని వదిలేస్తే గంప నెత్తి మీద తేలుతున్నట్టు ఉంటుంది, ఆ సన్నటి ముదురు గీత తప్పనిసరి. కూర్చునే ముందు ఏదో ఒకటి కొనండి, 'అమ్మా, ఇక్కడ ఓ పక్కన కూచుని బొమ్మ గీసుకుంటానమ్మా, బేరానికి అడ్డం రాను' అని అడగండి. అయిదారు అడుగుల దూరం పక్కకి, కొనేవాళ్ల దారిలో కాకుండా. గీశాక చూపించండి, ఆమె పేజీ చింపి ఇమ్మంటే ఇచ్చెయ్యండి. వద్దన్నవాళ్లని గీయకండి.

పెదజాలరిపేట రేవులో ఇసుక మీదికి లాగిన ఫైబర్ పడవలు, వలల గుట్టలు ఉంటాయి. పడవని గీయడం చాలామందికి కొరకరాని కొయ్య. రెండు పక్కల అంచులనీ ఒకే వంపుతో గీయడం వల్ల అది అరటిదొప్పలా వస్తుంది. అడ్డంగా పడుకోబెట్టిన 8 అంకె గీయండి, మీ వైపు వచ్చిన సున్నా పెద్దగా, దూరపుది చిన్నగా. రెండు పక్కల అంచులు ఆ 8 గీతల వెంట సాగుతాయి, రెండు కొసలూ సహజంగా పైకి లేస్తాయి. ముక్కు సాధారణంగా వెనక కంటే ఎత్తు. ఇసుక మీద పడవ ఒక పక్కకి ఒరిగి ఉంటుంది, ఆ ఒరుగు గీయకపోతే నీళ్లలో తేలుతున్నట్టే కనిపిస్తుంది. అడుగున ఇసుకకి ఆనే చోట సన్నటి, బాగా ముదురు గీత ఒకటి పడాలి, పడవ బరువు దాంట్లోనే ఉంది. వలని పోగుపోగుగా గీయకండి. మొత్తాన్ని ఒక మచ్చగా వేసి, ఎండ తగిలే పై అంచులో మాత్రం పొడి బ్రష్‌తో అల్లిక ఆనవాలు చూపిస్తే చాలు.

పెద్ద మరబోట్లు కావాలంటే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లాలి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవలకి వేట నిషేధం. ఆ రెండు నెలలూ బోట్లన్నీ రేవులోనే వరసగా కట్టి ఉంటాయి, కొన్నింటిని ఒడ్డుకెక్కించి చెక్క మరమ్మతులు, రంగులు వేయడం, వలలు బాగుచేయడం జరుగుతుంది. కదలని వస్తువు, పని చేస్తున్న మనుషులు రెండూ ఒకేచోట దొరికే కాలం అదే. వేట రోజుల్లో పొద్దున్న వేలంపాట వేళ వెళ్తే జనం, తడి నేల, ఐసు, చేపల మెరుపు అన్నీ ఉంటాయి గానీ అక్కడ కూర్చుని గీయడం పనివాళ్లకి అడ్డం. నిలబడి జేబులో పట్టే పుస్తకంలో గీతలు మాత్రం తీసుకోండి. ఒక హెచ్చరిక: నేవీ, పోర్టు ప్రాంతాల్లో నిషేధ బోర్డులున్న చోట కెమెరాయే కాదు, స్కెచ్‌బుక్ కూడా తీయకండి. కాపలావాళ్లకి రెండూ ఒకటే, వాళ్ల అనుమానం న్యాయమైనదే.

భీమిలి దారి, ఎర్రమట్టి దిబ్బలు సెలవురోజుకి. దిబ్బలకి ట్యూబు ఎరుపు, నారింజ వాడితే ఇటుకల బట్టీలా అవుతుంది. ఎల్లో ఆకర్‌లో లైట్ రెడ్ అనే మట్టిఎరుపు కలిపిన పల్చటి పూత అడుగున వేసి, దిబ్బల మధ్య లోతు సందుల్లోని నీడలకి బర్న్ట్ సియెన్నా ఎక్కువ, అల్ట్రామెరీన్ తక్కువ కలపండి. ఎదురు గోడ ఎండ ఆ నీడల్లోకి తిరిగి పడుతుంది కాబట్టి అక్కడ నలుపు ఉండదు, వేడి ఎరుపే ఉంటుంది. ఆ మట్టి ఇట్టే రాలిపోతుంది, అంచుల మీదికి ఎక్కకండి. దారిలో తాటిచెట్లు కనిపిస్తాయి. తాటాకు విసనకర్రలా బిగిసి నిలుస్తుంది, కొబ్బరాకు ఈకలా వంగి వేలాడుతుంది. తాటికి కొబ్బరి వంపు ఇస్తే మనవాడెవడూ నమ్మడు.

స్కెచ్‌బుక్‌లో ఏం రాసుకోవాలన్నది గీయడమంత ముఖ్యం. 5 సెంటీమీటర్లకి 7 సెంటీమీటర్ల చిన్న గడి గీసి, అందులో మూడే ఛాయలు: కాగితం తెలుపు, పెన్సిల్ మధ్యరకం, గట్టి ముదురు. ఒక్కోటి అయిదు నిమిషాలు దాటకూడదు. ఒకే చోటు నుంచి అలాంటివి నాలుగు వేస్తే మొదటి రెండూ మామూలుగా ఉంటాయి, మూడో నాలుగో దగ్గర ఎంపిక మొదలవుతుంది. పక్కన వేళ, తేదీ, వెలుగు దిక్కు బాణం గుర్తుతో పెట్టండి. ఛాయలకి అంకెలు వెయ్యండి, 1 అంటే కాగితం తెలుపు, 5 అంటే నలుపు. 'ఆకాశం 2, నీళ్లు 3, పడవ లోపల 5, పడవ అంచు 1' అని రాసుంటే నెల తర్వాత కూడా బొమ్మ వెయ్యగలరు. 'అందమైన నీలం' అని రాసుకుంటే ఏమీ రాసుకోనట్టే. 'నీళ్లు ఎడమవైపు పచ్చ, కుడివైపు బూడిద, ఇసుక కంటే చల్లన' అని రాయండి. రంగు వెయ్యడానికి కూర్చున్నప్పుడు మొదటి అయిదు నిమిషాల్లో నీడల అంచులు గుర్తుపెట్టేసి, తర్వాత ఎండ ఎటు జరిగినా వాటిని మార్చకండి. జరుగుతున్న నీడ వెంటపడితే గంటకి బొమ్మలో మూడు సూర్యుళ్లు ఉంటాయి.

సామాను తక్కువే ఉండాలి. 2బీ, 6బీ పెన్సిళ్లు, 150 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) దాటిన ఏ5 స్కెచ్‌బుక్, రంగులకి 300 జీఎస్‌ఎం కాటన్ కాగితం. 200 జీఎస్‌ఎం కాగితం నాలుగు తడి పూతలకి ఉబ్బి గుంతలు పడుతుంది, రంగు ఆ గుంతల్లో చేరుతుంది. రంగులు ఆరు: అల్ట్రామెరీన్, థాలో బ్లూ, ఎల్లో ఆకర్, లెమన్ ఎల్లో, లైట్ రెడ్, బర్న్ట్ సియెన్నా. అల్ట్రామెరీన్, బర్న్ట్ సియెన్నా సమంగా కలిపితే నలుపుకి దగ్గరి ముదురు వస్తుంది, నీళ్లు పెంచితే మబ్బు బూడిద వస్తుంది, నల్ల ట్యూబు అక్కర్లేదు. ఒడ్డు దగ్గర కలక నీళ్లకి థాలోలో ఎల్లో ఆకర్. గులాబీ కోసం ఏడోది కావాలంటే, అలిజరిన్ క్రిమ్సన్ చాలామంది కొంటారు, అది వెలుతురుకి వెలిసిపోతుంది, క్వినాక్రిడోన్ రోజ్ తీసుకోండి. గుండ్రటి బ్రష్ 10, 6 నంబర్లు, ఒక అంగుళం ఫ్లాట్ బ్రష్ చాలు.

ఈ ఊళ్లో కాగితంతో రెండు విరుద్ధమైన చిక్కులున్నాయి. తెల్లవారుజామున తీరంలో గాలి తడిగా ఉండి పూత ఆరదు. ఆరకముందే రెండో పూత వేస్తే తడి వెనక్కి తన్ని గోబిపువ్వు ఆకారంలో మరకలు పడతాయి. వేలి వెనకభాగం ఆనించి చూడండి, కాగితం చల్లగా తగిలితే ఇంకా ఆరలేదు. తొమ్మిది దాటాక ఎండా, సముద్రపు గాలీ కలిసి పూతని సగంలోనే ఆరబెట్టి గట్టి అంచులు తెస్తాయి. అప్పుడు కాగితాన్ని రెండువైపులా ముందే తడిపి ప్లాస్టిక్ పలక మీద పరిస్తే కాసేపు నిలుస్తుంది. ఆకాశం పొద్దున్నే వేసేసి, గట్టి అంచులున్న పడవ, నీడలు ఎండలో వేయడం నాకు నచ్చిన వరస. సముద్రపు నీళ్లతో రంగు కలపకండి, ఆ ఉప్పు కాగితంలో ఉండిపోయి తేమని పీలుస్తూనే ఉంటుంది. ఇనప క్లిప్పులు తుప్పుపట్టి కాగితానికి మరక అంటిస్తాయి, టేపు గానీ ప్లాస్టిక్ క్లిప్పు గానీ వాడండి. వానాకాలంలో పూర్తయిన బొమ్మల్ని గోడకి ఆనించి పెట్టకండి, బూజు చుక్కలు వస్తాయి. బీరువాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, అప్పుడప్పుడు బయటికి తీసి గాలాడనివ్వండి.

ఇక ఫోటో సంగతి. తప్పేమీ లేదు, మీరు తీసినదైతే, అక్కడ కూర్చుని గీసిన తర్వాత తీసినదైతే. ముందే ఫోటో తీస్తే చూడటం ఆగిపోతుంది. ఫోన్ కెమెరా ఎండని చూసి నీడలని నల్లగా మూసేస్తుంది, లేదా నీడల్ని తెరిచి ఆకాశాన్ని తెల్లగా కాల్చేస్తుంది. ఈమధ్య వచ్చిన ఫోన్లు రెండూ సరిచేసి అన్ని ఛాయలనీ ఒకే మట్టానికి తెస్తాయి. మీరు వెతుకుతున్నది ముదురు, లేత మచ్చల మధ్య తేడాని కాబట్టి ఫోటోలో అది దొరకదు. వైడ్ లెన్స్ దగ్గరి పడవ ముక్కుని సాగదీసి కొండల్ని వెనక్కి నెడుతుంది, అందుకే ఫోటో చూసి వేసిన డాల్ఫిన్స్ నోస్ మనం చూసేదానికంటే ఎప్పుడూ చిన్నగా ఉంటుంది. కాబట్టి ఛాయలు, కొలతలు, రంగులు స్కెచ్‌బుక్‌లోంచి తీసుకోండి. తాడు ముడి ఎలా ఉంది, బండి చక్రానికి ఎన్ని ఆకులు అనే అనుమానాలకి మాత్రం ఫోటో తెరవండి. బొమ్మ మొదలుపెట్టాక మొదటి గంట ఫోన్ వేరే గదిలో ఉంటే మంచిది. స్కెచ్‌లో లేని వివరం ఏదైనా బొమ్మకి కావలసి వస్తే మర్నాడు పొద్దున్న మళ్లీ అక్కడికే వెళ్లి చూసి రండి, పది నిమిషాల నడకలో చోటు ఎంచుకోమన్నది అందుకు కూడా.